పేడ మీద తెల్లబూజు తప్ప ఇంకేమీ రావట్లేదు, ఎందుకు?

ఎంవీపీ_బాటనీ:
డిగ్రీ ప్రాజెక్టు. పచ్చి ఆవుపేడ, తడిగుడ్డ, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. రెండో రోజుకే తెల్లబూజు, ఐదో రోజుకి పురుగులు, కంపు. కనీసం ఆరేడు రకాల శిలీంధ్రాలు చూపించాలి. విశాఖ ఉక్కపోతే కారణమా?

బూజువేట:
ఉక్క కాదు, నీరు. డబ్బాలో నీరు నిలిస్తే బ్యాక్టీరియా, నులిపురుగులదే రాజ్యం. మీకు కనబడ్డ పురుగులు మాత్రం మీరు పేడ ఏరేలోపే ఈగలు పెట్టిన గుడ్లవి. మేక పెంటికలు తీసుకోండి, గట్టిగా ఉంటాయి, కుళ్లడం తక్కువ. కాగితం కవర్లో నీడన ఆరబెట్టి, పది పన్నెండు పెంటికలు మూడు పొరల టిష్యూ మీద పరవండి. నీళ్లు చిలకరించాక గిన్నె వంచితే చుక్క జారకూడదు. పైన పల్చటి గుడ్డ కట్టి, ఎండ పడని కిటికీ దగ్గర ఉంచండి. చీకట్లో పెడితే పైలోబోలస్ (వెలుగు వైపు తిరిగే పేడబూజు) మీద ఆశ వదులుకోండి.

అసలు తప్పు తొందర. ఆ తెల్లబూజు చాలావరకు మ్యూకర్ అనే శిలీంధ్రం, తేలిగ్గా దొరికే చక్కెరలు తినేసి తగ్గిపోతుంది. మొదటి వారంలోనే పైలోబోలస్: గాజుబుడగ మీద నల్లటోపీ. ఆ టోపీని వెలుగు వైపు రెండు మీటర్ల దాకా విసరగలదు. రెండు మూడు వారాలకు ఆస్కోబోలస్, సొర్డేరియా, పోడోస్పోరా అనే శిలీంధ్రాలు. చివర్లో కాప్రినస్ తరహా చిట్టి పుట్టగొడుగులు. వాటి పోగులు తగిలితే ఆస్కోబోలస్ పోగులు చచ్చిపోతాయి, అందుకే గొడుగులు లేచేలోపే స్లైడ్లు చేసుకోండి. నెల్లాళ్లు తేమ ఆరనివ్వకండి.

స్లైడ్_సూది:
పెంటికల మీద లేచే నల్లచుక్కలన్నీ ఒకే శిలీంధ్రం అనుకోకండి. సూదితో ఒకటి తీసి, నీటిబొట్టులో పెట్టి, కవర్‌స్లిప్ మెల్లగా నొక్కండి. సిద్ధబీజం (స్పోర్) చుట్టూ జిగురుపొర ఉంటే సొర్డేరియా, తోకల్లాంటివి ఉంటే పోడోస్పోరా. జిగురుపొర కనబడకపోతే నీటిలో కాస్త ఇండియన్ ఇంక్ కలపండి. చుక్క ఒంటినిండా వెంట్రుకలుంటే కీటోమియం. ఆస్కోబోలస్ నల్లచుక్క కాదు, పసుపుపచ్చ తట్ట, పండాక దాని మీద ఊదారంగు చుక్కలు పొడుచుకొస్తాయి. పావురాల రెట్ట జోలికి మాత్రం వెళ్లొద్దు, క్రిప్టోకాకస్ అనే జబ్బు చేసే శిలీంధ్రం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంబాలకొండ అభయారణ్యం జింకల పెంటికలైతే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి.

ఎంవీపీ_బాటనీ:
థాంక్సండీ. పైలోబోలస్‌ని పీడీఏ (బంగాళాదుంప డెక్స్ట్రోజ్ అగర్) ప్లేట్ మీద పెంచొచ్చా?

బూజువేట:
మామూలు పీడీఏ మీద రాదు. పేడ కషాయంతో అగర్ చేయండి, లేదా హీమిన్ (రక్తం నుంచి తీసే ఇనుప సమ్మేళనం) కలపండి. ఇనుమును అలాంటి రూపంలో అందిస్తేనే బాగా పెరుగుతుంది.