9వ తరగతి బయాలజీ, డార్విన్ గొడవ: కొత్తగా వచ్చాం, సలహా కావాలి

కొత్త సభ్యురాలు, డాలస్ శివారు

అందరికీ నమస్కారం. ఆగస్టులో విజయవాడ నుంచి వచ్చాం. మావాడు ఇక్కడ పబ్లిక్ హైస్కూల్లో 9వ తరగతి. వచ్చే సెమిస్టర్లో జీవపరిణామం పాఠం ఉంటుందని టీచర్ చెప్పారట. అంతే, పక్కన కూర్చునే అబ్బాయి "డార్విన్ చెప్పిందంతా అబద్ధం, భూమి పుట్టి ఆరువేల ఏళ్లే అయింది" అన్నాడట. మావాడు పకపకా నవ్వాడట. అప్పటినుంచి ఆ అబ్బాయి మాట్లాడటం మానేశాడు. ఈ ఊళ్లో మావాడికి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు వాడు.

ఇంకోటి. నాలుగేళ్ల చిన్నదాన్ని చర్చివాళ్లు నడిపే ప్రీస్కూల్లో వేశాం. ఇంటికి దగ్గర, ఫీజు కూడా తక్కువ. అదేమో "అమ్మా, డైనోసార్లు కూడా నోవా ఓడ ఎక్కాయి తెలుసా" అంటోంది. బైబిల్లో ప్రళయం కథలోని ఓడ అది.

స్కూల్లో కంప్లయింట్ ఇవ్వాలా? ఇస్తే పిల్లలకు ఇబ్బంది అవుతుందా? మావారు "మార్కులొస్తే చాలు, మనకెందుకు" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

ప్లేనో పాతకాపు

అమ్మా, కంప్లయింట్ మాట మర్చిపోండి. ఇక్కడ ఏమన్నారు అన్నదానికంటే ఎవరన్నారు అన్నది ముఖ్యం. పబ్లిక్ స్కూల్ టీచర్ పాఠంగా చెబితే అది ప్రభుత్వం చెప్పినట్టు లెక్క. పక్కన కూర్చున్న కుర్రాడు చెబితే అది వాడి నమ్మకం, దాన్ని ఆపే హక్కు స్కూలుకి కూడా లేదు. ఇక చర్చి ప్రీస్కూల్ అంటారా, అది ప్రైవేటు. వాళ్ల పాఠం వాళ్లిష్టం. అక్కడ వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఈ గీత ఊరికే గీసింది కాదు. 1925లో టెనెసీలోని డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే కుర్ర టీచర్ మీద పరిణామం బోధించాడని కేసు పెట్టి వంద డాలర్ల జరిమానా వేశారు. రెండేళ్లకు పైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, అదీ జరిమానా ఎంతో జూరీ చెప్పాల్సింది పోయి జడ్జి చెప్పాడన్న సాంకేతిక కారణంతో. చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది. ఆ మరుసటి ఏడు పరిణామం బోధించకూడదనే ఆర్కన్సా చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. పరిణామం చెబితే సృష్టివాదం (జీవులన్నిటినీ దేవుడే సృష్టించాడనే వాదం) కూడా సమానంగా చెప్పాలన్న లూసియానా చట్టాన్ని 1987లో కొట్టేసింది.

మన టెక్సస్ సంగతికొస్తే, సిలబస్ రాష్ట్ర విద్యాబోర్డు చేతిలో ఉంటుంది. పదిహేనుమంది సభ్యులు, అందరూ ఓట్లతో గెలిచి వచ్చేవాళ్లే. శాస్త్ర సిద్ధాంతాల "బలాలు, బలహీనతలు" చెప్పాలన్న మాట సిలబస్‌లో చాలాకాలం ఉండేది. 2009లో పెద్ద పోట్లాట తర్వాత తీసేశారు. ఆ పోట్లాటప్పుడు బోర్డు అధ్యక్షుడు వృత్తిరీత్యా పళ్ల డాక్టరు, భూమి వయసు వేల ఏళ్లేనని నమ్మే మనిషి. సిటిజన్‌షిప్ వచ్చాక మనవాళ్లు ప్రెసిడెంటు ఎన్నికకు పరిగెత్తుకెళ్తారు. ఈ బోర్డు పేరు బ్యాలెట్‌లో కనిపిస్తే ఇదేంటి అని వదిలేస్తారు. సరే, అది వేరే గోల.

మీవారికి చెప్పండి, మార్కుల లెక్కలో చూసినా పరిణామం వదిలేసేది కాదు. టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) బయాలజీ పరీక్షలో అదో విభాగం. ఆ పరీక్ష హైస్కూల్ డిప్లొమాకి కావాలి. మత కారణాలతో పిల్లాణ్ని ఏదైనా పాఠం నుంచి తప్పించమని రాసివ్వొచ్చు గానీ పరీక్ష ఎగ్గొట్టడానికి అది కుదరదు.

హారిస్‌బర్గ్ నుంచి

పైన అన్నయ్య 1987 దగ్గర ఆపేశారు. అసలు రసవత్తరమైన కేసు మా పక్కనే జరిగింది. పెన్సిల్వేనియాలో యార్క్ దగ్గర డోవర్ అని ఒక ఊరు. 2004లో అక్కడి స్కూల్ బోర్డు, 9వ తరగతి బయాలజీ క్లాసులో పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించాలని తీర్మానించింది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయి, "ఇంటెలిజెంట్ డిజైన్" (జీవుల్ని ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే వాదం) అనే ఇంకో వివరణ ఉంది, దాని పుస్తకం లైబ్రరీలో చూసుకోండి అని దాని సారాంశం. చదవమంటే సైన్సు టీచర్లు ససేమిరా అన్నారు. చివరికి అధికారులే క్లాసుకొచ్చి చదివి వెళ్లారు. పదకొండుమంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

విచారణలో ఆ పుస్తకం పాత ముసాయిదాలు బయటపడ్డాయి. 1987 తీర్పు తర్వాత "క్రియేషనిస్ట్స్" (సృష్టివాదులు) అన్న చోటల్లా "డిజైన్ ప్రొపోనెంట్స్" (డిజైన్ సమర్థకులు) అని మార్చుకుంటూ పోయారు. ఒకచోట పాత మాట పూర్తిగా చెరగలేదు. ముందొక ముక్క, వెనకొక ముక్క మిగిలి, మధ్యలో కొత్త మాట ఇరుక్కుంది: "సీడిజైన్ ప్రొపోనెంట్సిస్ట్స్". పరీక్షలో పక్కవాడి పేపరు దించుతూ వాడి హాల్‌టికెట్ నంబరు కూడా ఎక్కించేసినట్టు!

జడ్జి జాన్ జోన్స్‌ని నియమించింది జార్జ్ బుష్. దాంతో తీర్పు ఎటు పోతుందోనని చాలామంది అనుకున్నారు. 2005 డిసెంబర్ 20న 139 పేజీల తీర్పు వచ్చింది: ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, పేరు మార్చుకున్న సృష్టివాదమే. అప్పటికే నవంబర్ ఎన్నికల్లో ఆ బోర్డు సభ్యుల్ని ఊరివాళ్లు ఇంటికి పంపేశారు. లాయర్ల ఖర్చు కింద పది లక్షల డాలర్ల దాకా స్కూల్ జిల్లా మీద పడింది.

ఆల్ఫరెటా అక్క

చెల్లీ, నువ్వు అంటున్నానని ఏమనుకోకు. మా అట్లాంటా పక్కన కాబ్ కౌంటీలో ఇంకో చోద్యం. 2002లో బయాలజీ పుస్తకాల మీద స్టిక్కర్లు అంటించారు, "పరిణామం ఒక థియరీ, ఫ్యాక్ట్ కాదు" అని. 2005లో కోర్టు పీకేయమంది. పైకోర్టులో కొన్నాళ్లు నలిగి, 2006 చివర్లో రాజీ కుదిరి, మళ్లీ అంటించబోమని ఒప్పుకున్నారు.

ఆ స్టిక్కర్‌ని తెలుగులో రాసి చూడు, తిరకాసు ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషులో మామూలు మాటల్లో థియరీ అంటే ఊహ. మనకి సిద్ధాంతం అంటే వాదించి, తేల్చి, స్థిరపరచిన మాట. "సిద్ధాంతం, నిజం కాదు" అంటే మన చెవికి అర్థమే ఉండదు. మీవాడికి ఆ తేడా చెప్పు. గురుత్వాకర్షణా సిద్ధాంతమే మరి.

నా సంగతి కూడా చెప్తాను. మా అమ్మాయి 9వ తరగతిలో పరిణామం మీద ప్రాజెక్టు చేస్తుంటే, నేనే పక్కన కూర్చుని దశావతారాలు పెట్టించాను. చేప, తాబేలు, పంది, సగం సింహం సగం మనిషి, ఆ తర్వాత పొట్టి మనిషి... చూశారా మావాళ్లు ఎప్పుడో చెప్పారు అని. పోస్టర్ మీద బొమ్మలు కూడా నేనే అంటించాను. టీచర్ ఎర్ర ఇంకుతో రాశారు: చక్కటి కథ, మరి ఆధారం ఏది? నాకు ఒళ్లు మండింది. రాత్రంతా ఆలోచిస్తే, ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న, మనం ఓడలో డైనోసార్ల గురించి అడిగే ప్రశ్న ఒకటే. దశావతారాల వరస పరిణామాన్ని గుర్తుచేస్తుందని హాల్డేన్ అంతటి శాస్త్రవేత్త కూడా అన్నాడు, కానీ దాన్ని రుజువు అనలేదు. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ హోదాలో ఉన్న పెద్దమనిషే డార్విన్ కంటే దశావతారాలే మెరుగు అన్నారు. మీవాడు ఆ అబ్బాయిని చూసి నవ్వే ముందు ఇది కూడా చెప్పు. ఇంకా ఇండియాలో 2023 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ 10వ తరగతి పుస్తకంలో పరిణామం పాఠమే లేదు. బయాలజీ తీసుకున్నవాళ్లకే 12లో వస్తుంది.

హ్యూస్టన్, గుంటూరు పిల్లాడు

నేను క్రైస్తవుణ్ణే. మా తాతగారు లూథరన్ పాస్టరు. ఈ చర్చలో "వాళ్లు" అన్న మాట వినిపిస్తోంది, కాస్త చూసుకోండి. 1996లోనే పోప్ రెండవ జాన్ పాల్ పరిణామం ఒట్టి ఊహాకల్పన స్థాయి దాటిందని అన్నారు. డోవర్ కేసులో తల్లిదండ్రుల తరఫున మొదట సాక్ష్యం చెప్పిన కెన్నెత్ మిల్లర్ బయాలజీ ప్రొఫెసర్, క్యాథలిక్. బైబిల్ని బట్టి వేసే ఆరువేల ఏళ్ల లెక్క అందరు క్రైస్తవులదీ కాదు.

ఓడలో డైనోసార్లంటారా, కెంటకీలోని విలియమ్స్‌టౌన్‌లో 510 అడుగుల ఓడ కట్టి 2016 నుంచి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. బోనుల్లో డైనోసార్ బొమ్మలు కూడా ఉన్నాయి. పాప వాళ్ల టీచర్ అది చూసి వచ్చి చెప్పి ఉండొచ్చు. నాలుగేళ్ల పిల్లకి పురాణకథలు మనం చెప్పట్లేదా? పాపని మ్యూజియానికి తీసుకెళ్లండి, అసలు ఎముకలు చూస్తే అదే అడుగుతుంది. మీవాణ్ని ముందు నవ్వినందుకు సారీ చెప్పమనండి. ఏకీభవించక్కర్లేదు. సారీ చాలు.

ప్లేనో పాతకాపు

బాగా చెప్పావు తమ్ముడూ. నేను సెక్షన్లు చెప్పాను, అసలు సంగతి నువ్వు చెప్పావు.

కొత్త సభ్యురాలు, డాలస్ శివారు

అందరికీ థాంక్స్. మావాడు నిన్న సారీ చెప్పాడు. ఆ అబ్బాయి బుధవారం చర్చి యూత్ గ్రూపుకి పిజ్జాకి రమ్మన్నాడట. పంపాలా వద్దా అని మళ్లీ మావారితో చర్చ! నేనైతే వెళ్లిరమ్మన్నాను.

ఇంకో సాయం కావాలి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది కదా, గోదావరి పక్క యామనపల్లి దగ్గర దొరికింది. మావాడు చిన్నప్పుడు చూశాడు. అది మా ఊరి వైపుదని చెబితే బయాలజీ టీచర్ ఫొటో తెమ్మన్నారట. మా పాత ఫోన్ పోయింది. ఎవరి దగ్గరైనా మెడతో సహా మొత్తం కనిపించే ఫొటో ఉంటే పంపుతారా?