జోర్డాన్ లేక్ పిక్నిక్: నీళ్ళ దగ్గర కాపలాకి ఇంకో ఆరుగురు కావాలి

బోటింగ్ టీమ్:
అందరికీ నమస్కారం. ఈసారి నార్త్ కరోలినాలోని జోర్డాన్ లేక్ ఒడ్డున సీఫోర్త్‌లో షెల్టర్ (కప్పున్న పిక్నిక్ చోటు) దొరికింది. బీచ్, బోట్ ర్యాంప్ రెండూ అక్కడే ఉన్నాయి. వంటకి, ఆటలకి పేర్లు బాగానే వచ్చాయి. నీళ్ళ దగ్గరకి మాత్రం నలుగురమే ఉన్నాం. కనీసం పదిమంది కావాలి.

అక్కడ లైఫ్‌గార్డులు ఉండరు. చూడటానికి మన ఊరి చెరువులాగే ప్రశాంతంగా ఉంటుంది కానీ, హా నది మీద ఆనకట్ట కట్టి 1980ల మొదట్లో నింపిన జలాశయం అది. దాదాపు 14 వేల ఎకరాలు. నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, అడుగు కనబడదు. గతేడాది భోజనం పిలుపు రాగానే కాపలా ఉన్నవాళ్ళం కూడా లేచి వెళ్ళిపోయాం. వెనక్కి తిరిగి చూస్తే ముగ్గురు పిల్లలు ఇంకా నీళ్ళలోనే ఉన్నారు. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఉదయం 10 నుంచి ఇద్దరిద్దరు చొప్పున ఐదు జతలు, జతకి 45 నిమిషాలు. ఆ కాసేపు ఫోన్ చేతిలో ఉండకూడదు, కబుర్లు వద్దు. 1:45కి అందరినీ గట్టెక్కించేస్తాం. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేం.

వంటల టీమ్:
అయితే భోజనం ఒంటిగంటకి కాదన్నా, 2 గంటలకి పెడతాం. పిల్లలు ఆకలికి ఆగరు కాబట్టి 12కే మజ్జిగ, పులిహోర ఇచ్చేస్తాం. ఇంకో మాట. మన ఊళ్ళయిన కేరీ, ఏపెక్స్‌లలో మన కుళాయిల్లో వచ్చేవి ఈ లేక్ నీళ్ళే. గిన్నెలేవీ అక్కడ కడగొద్దు, మూతలు పెట్టి ఇంటికే తీసుకెళ్దాం.

కొత్త వాలంటీరు:
కయాక్‌లతో పాటు పాంటూన్ బోట్ (చదునుగా, సీట్లతో ఉండే మోటారు బోటు) కూడా అద్దెకి తీసుకుందామా అన్నా? పెద్దవాళ్ళు కూర్చుని తిరగొచ్చు. మా మామయ్యగారు కృష్ణలో ఈదినవారు, లైఫ్ జాకెట్ నాకెందుకమ్మా అంటున్నారు.

బోటింగ్ టీమ్:
పాంటూన్ మంచి ఆలోచనేనమ్మా. 10 హార్స్‌పవర్, అంతకు మించిన ఇంజన్ ఉంటే, 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు బోటింగ్ కోర్సు పాసైతేనే నడపాలి. అది నార్త్ కరోలినా నియమం. కోర్సు చేసినవాళ్ళుంటే ఇక్కడే చెప్పండి.

జాకెట్ సంగతికొస్తే, కదిలే బోటులో 13 ఏళ్ళలోపు పిల్లలు వేసుకుని తీరాలని చట్టమే ఉంది. మన పిక్నిక్‌లో అందరికీ అదే పద్ధతి పెడదాం. పడవ బోల్తా పడితే తల ఎక్కడ తగులుతుందో తెలియదు, స్పృహ తప్పితే ఎంత ఈత వచ్చినా లాభం లేదు. మామయ్యగారితో నేను మాట్లాడతాను. ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి సొరకాయ బుర్ర కట్టుకున్న తరం వాళ్ళది, అర్థం చేసుకుంటారు. జాకెట్ ఛాతీకి బిగుతుగా ఉండాలి, భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటకూడదు. పిల్లల సైజులు ఇక్కడ రాయండి. ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళకి మేం సర్దుతాం.

కొత్త వాలంటీరు:
మా బాబుకి ఆరేళ్ళు, 20 కిలోలు. 10:45 జతకి నా పేరు, మా ఆయన పేరు రాసుకోండన్నా. ఇంకా నలుగురు కావాలి.