మా టిఫిన్ హోటల్లో ఖాతా పుస్తకం మూసేయాలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. అనంతపురం పాతూరులో మా కుటుంబం 1988 నుంచి ఒక చిన్న హోటలు నడుపుతోంది. పొద్దున ఉగ్గాణి బజ్జి, ఇడ్లీ, దోసె. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు ఉంటాయి. వంట మా అమ్మ చేతిది, గల్లాపెట్టె మా నాయనది. నేను పన్నెండేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేశాను. నాయన మోకాళ్లు సహకరించడం లేదని పోయిన ఏడాది తిరిగి వచ్చి, గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను.

నా సమస్య ఆ గల్లాపెట్టె కింది అరలో ఉంది. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకం అది. అందులో మనుషుల పేర్లు తక్కువ, ఆనవాళ్లు ఎక్కువ. ‘సైకిల్ పెద్దాయన’, ‘నల్ల తువ్వాలు’, ‘ధర్మవరం బస్సు కండక్టరు’, ‘చెనిక్కాయల సేద్యం, ఇద్దరు కొడుకులు’ అని నాయన రాసుకున్నారు. ప్రతి పేజీ అంచునా ఉగ్గాణి చేతులతో తిప్పిన పసుపు మరకలు ఉన్నాయి. నేను మూడు రాత్రులు కూర్చుని కూడితే, 43 మంది పేర మొత్తం 1,86,000 రూపాయల బాకీ తేలింది. మా అమ్మకం రోజుకు సుమారు 9,000 రూపాయలు.

ఖాతా మీద తినేవారిలో మార్కెట్ హమాలీలు వారానికొకసారి తీరుస్తారు, పల్లెల నుంచి వచ్చి గదుల్లో ఉండే విద్యార్థులు ఇంటి నుంచి డబ్బు రాగానే ఇస్తారు. రైతుల సంగతి వేరు. వేరుశనగ విత్తే జూన్, జులై నెలల్లో విత్తనాల కోసం, ఎరువుల కోసం పట్నానికి వచ్చి తిన్నవారి చేతికి డబ్బు అందేది అక్టోబరు, నవంబరు నెలల్లో పంట అమ్మిన తర్వాతే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో అదీ నిలకడ లేని మాట. వాన రాని ఏడు మా నాయన వాళ్లను అడగరు. ఆ పేజీ మడిచి, పై ఏటికి తిప్పుతారు.

ఇప్పుడు గ్యాస్, నూనె, పప్పులు అన్నీ రొక్కానికే తేవాలి. ఖాతా ఆపేసి, ఇంటికి చేరవేసే యాప్‌లలో చేరమని స్నేహితులు చెబుతున్నారు. యాప్ తరఫున మాట్లాడటానికి వచ్చిన అబ్బాయి, వంద రూపాయల ఆర్డరులో ఇరవైకి పైగా కమిషన్ కింద పోతుందని దాపరికం లేకుండానే చెప్పాడు. అదీగాక ఉగ్గాణి వేడిగా తినవలసిన పదార్థం. నీళ్లలో ముంచి పిండిన బొరుగులు తిరగమోతలో పడి, పైన పప్పుల పొడి చల్లిన పది నిమిషాల్లో ఎంత బాగుంటాయో, డబ్బాలో మూతపెట్టి అరగంట తిప్పితే అంత ముద్దగా అయిపోతాయి. దానితో ఇచ్చే మిరపకాయ బజ్జి అంతకంటే ముందే మెత్తబడుతుంది.

ఖాతా ఆపేస్తే నాయన మనసు కష్టపడుతుంది, కొనసాగిస్తే నా లెక్క కుదరడం లేదు. ఇలాంటి వ్యాపారంలో ఉన్నవారు, ఉండి వదిలేసినవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 (కర్నూలు నుంచి)

అన్నా, మా అమ్మ కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు దగ్గరలోనే మెస్సు నడిపేది. మా ఖాతా పుస్తకాన్ని మేము మూయలేదు, 2009 అక్టోబరు 2న నది తీసుకుపోయింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి ఊళ్లోకి వచ్చిన రోజు అది. మేము పక్కింటి మేడ మీద రెండు రాత్రులు గడిపి దిగి వచ్చేసరికి, గ్రైండరు మోటారు నిండా బురద, బియ్యం మూటలు పులిసిన వాసన, గోడ మీద నా తల కంటే ఎత్తున నీటి గీత. పుస్తకం దొరికింది కానీ, విడదీయబోతే పేజీలు ముద్దగా చేతికి అంటుకున్నాయి. అమ్మ దాన్ని ఎండలో పెట్టి రెండు రోజులు ఎదురుచూసింది. ఒక్క అంకె కూడా తేలలేదు.

ఆ తర్వాత జరిగినది మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఖాతాదారుల్లో ఇద్దరు ఆటో డ్రైవర్లు, మేము పిలవకుండానే పారలు తెచ్చి మూడు రోజులు బురద ఎత్తిపోశారు. వాళ్ల ఇళ్లూ మునిగాయి. వాళ్లను బాకీ అడగాలని అమ్మకు తోచలేదు, వాళ్లు ఇస్తామని అనలేదు, ఆ లెక్క అక్కడితో తీరింది. మెస్సు మళ్లీ తెరిచిన వారానికి కోర్టులో పనిచేసే ఒక గుమాస్తా వచ్చి 640 రూపాయలు బల్ల మీద పెట్టాడు. అమ్మకు గుర్తున్నది నాలుగు వందలే. ఆయన తిన్నప్పుడల్లా ఒక చీటీలో తేదీ, మొత్తం రాసుకునేవాడట. మేడ మీది గది కావడంతో ఆ చీటీ తడవలేదు. దాన్ని చూపించి మరీ ఇచ్చాడు. అందరూ అలా రాలేదు. మాకు రావలసిన దానిలో సగానికి కొంచెం తక్కువే తిరిగి వచ్చింది. రానివారిలో తప్పించుకున్నవారెవరో, నిజంగా ఇవ్వలేనివారెవరో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నుంచి మేము ప్రతి ఖాతాదారుకు అట్టముక్కతో చేసిన చిన్న కార్డు ఇస్తున్నాం. పుస్తకంలో రాసిన ప్రతి పద్దూ ఆ కార్డులోనూ పడుతుంది. తన బాకీ తన జేబులో ఉన్న మనిషి, మనం అడగకముందే లెక్క చూసుకుంటాడు. ఎంత పెరిగిందో తెలియక పెరిగిపోయే బాకీలే ఎక్కువని మా అనుభవం. ముందు ఈ కార్డు పద్ధతి పెట్టి ఆరు నెలలు చూడండి.

జవాబు 2 (అనంతపురం నుంచి, చిన్న వ్యాపారాల లెక్కలు రాసే పని)

మీరు అంకెలు ఇచ్చారు కనుక అంకెలతోనే చెబుతాను. 1,86,000 అంటే మీ ఇరవై రోజుల అమ్మకం. అంటే మీ పెట్టుబడిలో దాదాపు మూడు వారాల సరుకు ఊళ్లో జనం దగ్గర ఉంది. మీ అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటుతుంది కాబట్టి మీరు జీఎస్టీలో నమోదై ఉండాలి. అందులో చిన్న వ్యాపారులకున్న కాంపొజిషన్ పద్ధతిని ఎంచుకుని ఉంటే, అమ్మకం మీద 5 శాతం కడుతూ ఉంటారు. ఈ పన్నును గిరాకీ దగ్గర విడిగా వసూలు చేయడానికి వీల్లేదు. ఖాతా మీద పెట్టిన ప్లేటు కూడా అమ్మకమే అవుతుంది. ఆ లెక్కన రావలసిన ఈ బాకీ మీద సుమారు 9,300 రూపాయలు మీ చేతి నుంచి పడినట్టే.

యాప్‌ల విషయంలో ఒక మాట. 2022 జనవరి 1 నుంచి, వాటి ద్వారా అమ్మిన భోజనం మీద 5 శాతం పన్నును యాప్ సంస్థలే కట్టాలి. ఆ ఆర్డర్ల లెక్క విడిగా పెట్టుకోకపోతే, అదే అమ్మకం మీద మీరు రెండోసారి కట్టే ప్రమాదం ఉంది.

పాత బాకీని, కొత్త బాకీని వెంటనే వేరు చేయండి. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో, హోటలువారు అమ్మిన భోజనానికీ పానీయాలకీ రావలసిన డబ్బు కోసమే ఒక ప్రత్యేకమైన వరుస ఉంది: వడ్డించిన రోజు నుంచి మూడు సంవత్సరాలు దాటితే కోర్టులో దావా వేయడానికి గడువు తీరినట్టే. మీరు ఎవరి మీదా దావా వేయరని నాకు తెలుసు. అయినా ఆ మూడేళ్ల గీతను మీ పుస్తకంలో కూడా గీసుకుని, దానికి ముందున్న పద్దులను రావలసిన ఆస్తిగా లెక్కించడం మానేయండి. మిగిలిన దానికి ఒక హద్దు పెట్టండి. నా సలహా ఏడు రోజుల అమ్మకం, అంటే 63,000. మొత్తం బాకీ ఆ హద్దులోకి వచ్చేదాకా కొత్త ఖాతా తెరవకండి.

జవాబు 3 (ప్రొద్దుటూరు నుంచి)

మా పెదనాన్న హోటలు ఖాతా వల్లనే మూతపడింది కాబట్టి, పై ఇద్దరి కంటే కొంచెం కఠినంగా రాయవలసి వస్తోంది. ఆయనను ముంచింది హమాలీలు కాదు, రైతులు కాదు. అడగడానికి మొహమాటపడవలసిన పెద్దమనుషులు. ఇంట్లో శుభకార్యానికి నూరు మందికి టిఫిన్లు పంపించుకుని ‘లెక్క రాసుకో’ అన్నవారు. కూలివాడు బాకీ ఉంటే రేపు మళ్లీ మన బల్ల ముందే కూర్చోవాలి, కనుక ఎంతో కొంత ఇస్తాడు. పలుకుబడి ఉన్నవాడు మరో హోటలుకు పోతాడు. మీ 43 పేర్లలో అడగలేనివారు ఎందరో ముందు చూడండి. అడగలేని మనిషికి ఖాతా ఇవ్వకూడదు, ఇదొక్కటే మా ఇంట్లో మిగిలిన నియమం.

జవాబు 4 (కడప నుంచి)

మాది కడపలో బేకరీ, మా తాత పెట్టింది. రాత్రి మైదా కలిపి, పిండి పొంగడానికి వదిలి, తెల్లవారుజామున ఓవెన్ వేడి చేస్తాం. ఆరింటికల్లా బన్నులు, రస్కులు చుట్టుపక్కల టీ కొట్లకు చేరాలి. టీ కొట్లతో మాకున్నది ఒక్క పూట ఖాతా. పొద్దున దించిన సరుకుకు సాయంత్రం డబ్బు, అమ్ముడుపోని బన్నులు వాపసు. రంజాన్ నెలలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. ఉపవాసం విడిచే వేళకు సరుకు కావాలి కనుక మధ్యాహ్నం రెండోసారి ఓవెన్ వెలిగిస్తాం, డబ్బు రాత్రి నమాజు తర్వాత వస్తుంది. పండగ నాటికి అన్ని లెక్కలూ తీరిపోతాయి. క్రిస్మస్ కేకులకు అయితే ముందే సగం పుచ్చుకుంటాం.

ఇళ్లకు ఇచ్చే ఖాతాలో మా తాత పెట్టిన ఒక పద్ధతిని మేము ఇంతవరకు మార్చలేదు. బ్రెడ్డు, బన్ను, రస్కు ఎవరు అడిగినా ఖాతా మీద ఇస్తాం. కేకు, పఫ్, దిల్‌పసంద్ మాత్రం రొక్కానికే. మన ఊళ్లలో జ్వరం వచ్చిన ఇంట్లో ముందు అడిగేది పాలు, బ్రెడ్డు. రాత్రి పదింటికి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చిన తల్లితో, డబ్బు తెచ్చావా అని అడిగే పని మా కుటుంబంలో ఎవరికీ రాకూడదని తాత అనేవారు. బ్రెడ్డు మీద బాకీ ఎంత పేరుకున్నా వ్యాపారాన్ని కూల్చేంత కాదు. కూల్చేది కేకులే, ఎందుకంటే ఒక్క పుట్టినరోజు కేకు ఖరీదు ఇరవై బ్రెడ్లతో సమానం.

మీరు కూడా మనుషులను బట్టి కాకుండా పదార్థాన్ని బట్టి గీత గీసి చూడండి. అప్పుడు ఫలానావాడికి ఇచ్చి నాకు ఇవ్వలేదనే మాట రాదు, ప్రొద్దుటూరు మిత్రులు చెప్పిన మొహమాటమూ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ నిన్న రాత్రి హోటలు కట్టేశాక నాయనకు చదివి వినిపించాను. ప్రొద్దుటూరు మాట విన్న తర్వాత ఆయనే పుస్తకం అడిగి తీసుకుని, పెన్సిలుతో ఐదు పేర్ల పక్కన చుక్కలు పెట్టారు. ఆ ఐదుగురి బాకీయే 71,000 దాకా ఉంది, వారిలో ఒక్కరు కూడా హమాలీ గానీ రైతు గానీ కారు. వారి దగ్గరికి ఈ నెలలో నేనే వెళ్లి అడుగుతాను. మూడేళ్ల గీత గీయడానికి ఆయన ఒప్పుకున్నారు, కానీ ఆ పేజీలు చించవద్దన్నారు.

ఒకటో తేదీ నుంచి ఉగ్గాణి, ఇడ్లీ, సంగటి మాత్రమే ఖాతాలో ఉంటాయి. దోసె, బజ్జి, కాఫీకి రొక్కమే. బజ్జి లేని ఉగ్గాణి ఏమి ఉగ్గాణి అని అమ్మ అభ్యంతరం చెప్పింది, కనుక ప్లేటుకు ఒక్క బజ్జి వరకు ఖాతాలో కలుపుతున్నాం. అట్ట కార్డులు 38 కత్తిరించి పెట్టాను. వాటి మీద నిజం పేర్లు రాయడానికి, రేపటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ మొదటిసారిగా పేరు అడగాలి.