ఉగాది కరపత్రంలో ‘ఫ్రీ’: జియూనా, ముర్యోనా, ఫురీనా?

వేపపువ్వు: టోక్యోలో కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి ఉగాది చేస్తున్నాం. ఇరుగుపొరుగు జపాన్‌వాళ్ళనీ పిలుస్తున్నాం. కరపత్రం ముందు ఇంగ్లీషులో రాస్తే అందులో ‘ఫ్రీ’ ఐదుసార్లు పడింది. ఎంట్రీ ఫ్రీ, సీటింగ్ ఫ్రీ, పచ్చడి ‘ఫీల్ ఫ్రీ’, కాఫీ షుగర్ ఫ్రీ, చివర ‘ఫ్రీగా ఉంటే రండి’. నిఘంటువులో మొదట కనిపించిన ‘జియూ’నే, అంటే స్వేచ్ఛ అనే మాటనే, అన్నిచోట్లా పెట్టాను. మా ఆవిడ చదివి పడీపడీ నవ్వింది. పోనీ పరభాషా మాటలు రాసే కటకానా లిపిలో ‘ఫురీ’ అని రాసేస్తే గొడవ వదలదా?

కటకానా భక్తుడు: వదులుతుంది. అందరికీ సరిపోయే బట్ట ‘ఫురీ సైజు’. డబ్బు పడని ఫోన్ నంబరు ‘ఫురీ దైయరు’. మెట్లు లేని దారి ‘బరియా ఫురీ’. జపాన్‌వాళ్ళే ఇంతగా వాడుతుంటే మనకెందుకండీ ఈ మడి?

కోబే కోడలు: హకోనే కొండలు చూడటానికి వెళ్ళినప్పుడు ‘ఫురీ పాసు’ బోర్డు చూసి మా అత్తయ్యగారు “ఊరికే ఇస్తున్నారటే, పద పద” అన్నారు. తీరా చూస్తే డబ్బు పెట్టి కొనుక్కోవాలి! ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు, అందుకని అది ‘ఫురీ’. ఇక పాత సామాన్ల సంత ‘ఫురీ మాకెత్తొ’. అసలది ఇంగ్లీషులో కుక్కల ఒంటిమీద గెంతే పురుగు ‘ఫ్లీ’. జపనీస్‌లో ‘ల’కీ ‘ర’కీ తేడా లేదు కనక రెండూ ఒకటై కూర్చున్నాయి. మీ కరపత్రంలో ‘ఫురీ’ చూసినవాడు టికెట్ ఉందో లేదో ఎలా తేల్చుకుంటాడు?

ముందు తెలుగులో చెప్పుకోండి అన్నయ్యా. ఇంగ్లీషు ఒక్క మాటలో కుక్కిందాన్ని మనం ఎప్పుడో విడదీశాం: ఉచితం, స్వేచ్ఛ, ఖాళీ. ప్రవేశానికి ‘న్యూజో ముర్యో’. ‘ము’ అంటే లేదు, ‘ర్యో’ అంటే రుసుము. అచ్చం మన ‘నిశ్శుల్కం’. కాఫీకి ‘ముతో’, చక్కెర లేదని. డబ్బా కాఫీల మీద ఉండేది అదే. మీరు రాసిన ‘న్యూజో జియూ’కి ఎవరైనా లోపలికి రావచ్చనే అర్థం వస్తుంది తప్ప డబ్బు సంగతి తేలదు.

పాతపుస్తకం: జియూని మరీ అంత తీసిపారేయకండి. ఆ మాట మీద పెద్ద చర్చే జరిగింది. ‘లిబర్టీ’కి తగిన మాట ఇంకా దొరకలేదని పందొమ్మిదో శతాబ్దపు జపాన్ రచయిత ఫుకుజావా యుకిచి మొత్తుకున్నాడు. ఎందుకంటే పాత వాడుకలో జియూ అంటే తన ఇష్టం తనది, ఒకరి మాట లెక్కచేయని తనం అనే వాసన కూడా ఉండేది. మన ‘విచ్చలవిడి’ లాగా. అయినా 1872లో నకమురా మసనావో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ‘ఆన్ లిబర్టీ’ పుస్తకాన్ని ‘జియూ నో రి’ అని అనువదించాడు. 1881లో ఇతగాకి తైసుకె అనే నాయకుడు పెట్టిన పార్టీ పేరే ‘జియూ-తో’, అంటే స్వేచ్ఛా పార్టీ. మొండితనం వాసనున్న మాట పదేళ్ళలో రాజకీయ నినాదమైంది.

కటకానా భక్తుడు: బాగుంది సార్, కానీ ఇది పచ్చడి కరపత్రం.

పాతపుస్తకం: పచ్చడికే పనికొస్తుంది నాయనా! దుకాణాల్లో కాగితాల దొంతర పక్కన ‘గో జియూని ఓతోరి కుదసాయ్’ అని ఉంటుంది, మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండని. డబ్బు మాట ఎత్తకుండానే ఊరికే అని తెలిసిపోతుంది. అలాగే రైలులో ‘జియూసెకి’ అంటే రిజర్వేషన్ లేని సీటు, టికెట్ మాత్రం కొనాల్సిందే. కోడలుగారి లెక్క ఇక్కడ కుదరదు. ఆ సీటు ఉచితమూ కాదు, స్వేచ్ఛా కాదు, ఖాళీగా ఉంటుందన్న భరోసా అసలే లేదు.

కోబే కోడలు: జియూసెకి దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ ఒకచోట తెలుగు వదలకూడదు. ‘తదా’ని చూడండి. ‘తదా దె మొరత్తా’ అంటే ఊరికే వచ్చింది, పైసా ఇవ్వలేదు. ‘తదా నో కజె’ అంటే ఏం లేదు, ఉత్తి జలుబే. మన ‘ఊరికే’కీ ఈ రెండు పనులూ ఉన్నాయి: ఊరికే ఇచ్చాడు, ఊరికే అడిగా. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవాళ్ళకి ఈ పోలిక కనపడదు.

వేపపువ్వు: అయితే ప్రవేశానికి ‘తదా’ రాయనా?

కోబే కోడలు: వద్దు వద్దు, నోటిమాటలో ముద్దు గానీ కరపత్రంలో చవకబారుగా ఉంటుంది. పైగా ‘తదా యోరి తకాయ్ మోనో వా నాయ్’ అని సామెత. ఊరికే వచ్చినదానికన్నా ఖరీదైంది లేదట. చందా అడుగుతారేమోనని గుమ్మంలోనే ఆగిపోతారు.

ఒసాకా ఓరుగల్లు: ‘ఫ్రీగా ఉంటే’కు మాత్రం ‘హిమా’ రాయకు అన్నా. నేను వచ్చిన కొత్తల మా కచోని, అంటే సెక్షన్ బాసుని, “ఇమా హిమా దెసు కా” అని అడిగిన. ఆయన నవ్విండు గానీ పక్క సీట్లోళ్ళు తలలు దించుకున్నరు. పనిలేక కూసున్నవా అన్నట్టు వినవడ్డదట. ‘ఓజికన్ గా అరిమాషితారా’ అని రాయి. సమయం ఉంటే అని, మర్యాదగ ఉంటది.

కటకానా భక్తుడు: మొత్తానికి ఐదు ఫ్రీలకి ఐదు మాటలు. నా ‘ఫురీ’ ఒక్కటి పెడితే సిరా అయినా మిగిలేది.

వేపపువ్వు: అచ్చుకు ఇచ్చేశాను. న్యూజో ముర్యో, జియూసెకి, ముతో, ఓజికన్. పచ్చడి దగ్గర ‘గో జియూని’. అది చూసి మా ఆవిడ “ఇష్టం వచ్చినట్టు అంటే డబ్బాల్లో కట్టుకుపోరూ?” అంది. అందుకని కింద ‘మనిషికి ఒక్క గిన్నే’ అని చేర్చాం. ఆ ఒక్క ముక్క తెలుగులోనే.