వంటగదిలో పాత ట్యూబ్‌లైట్లు: ట్యూబు మాత్రమే మార్చాలా, ఫిట్టింగు మొత్తం మార్చాలా?

ఎంవీపీ కాలనీ నివాసి

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ముప్పై ఏళ్ల నాటి అపార్ట్‌మెంటు. వంటగదిలో నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు రెండున్నాయి. ఒకటి పడమటి గోడకు తలుపు పైన, మరొకటి దక్షిణపు గోడకు ఫ్రిజ్ పైన ఉన్నాయి. రెండూ రాగి చోకు, స్టార్టరు ఉన్న పాత ఇనుప ఫిట్టింగులే. సముద్రపు గాలికి అంచులన్నీ తుప్పు పట్టాయి. వంటగట్టు తూర్పు గోడకు ఉంది కనుక పొయ్యి ముందు నిలబడిన మనిషి నీడ నేరుగా గట్టు మీదే పడుతుంది. సాయంత్రం పూట కూరలు తరిగేటప్పుడు కత్తి మొన ఎక్కడుందో సరిగా కనిపించడం లేదని మా అమ్మగారు చాలాకాలంగా చెబుతున్నారు.

ఎలక్ట్రీషియన్‌ను అడిగితే అదే ఫిట్టింగులో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు పెడితే సరిపోతుందన్నారు. దుకాణంలో మాత్రం ఫిట్టింగు తీసేసి బ్యాటన్ (ట్యూబు, ఫిట్టింగు ఒకటిగా కలిసే వచ్చే ఎల్ఈడీ లైటు) పెట్టుకోమన్నారు. మా అబ్బాయి ఫాల్స్ సీలింగు వేయించి ప్యానెల్ లైట్లు పెట్టిద్దామంటున్నాడు. గోడలు పగలగొట్టడం నాకు ఇష్టం లేదు. ఈ మూడింటిలో ఏది సరైనదో, దీనివల్ల బిల్లు ఏమైనా తగ్గుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఉక్కునగరం, విశ్రాంత ఇంజినీరు

పాత ఫిట్టింగులో ఎల్ఈడీ ట్యూబు పెట్టడం సాధ్యమే, కానీ పాతది తీసి కొత్తది బిగించినంత మాత్రాన పని పూర్తి కాదు. ఫ్లోరసెంట్ ట్యూబు వెలగడానికి స్టార్టరు, చోకు కలిసి క్షణకాలం ఎక్కువ ఓల్టేజీని పుట్టిస్తాయి. వెలిగిన తరువాత అందులో పారే కరెంటు అదుపు తప్పకుండా చోకు పట్టి ఉంచుతుంది. ఎల్ఈడీ ట్యూబులో ఆ పనంతా లోపల ఉండే డ్రైవరు అనే చిన్న సర్క్యూటే చేస్తుంది కనుక దానికి 230 ఓల్టుల సరఫరా నేరుగా అందితే చాలు. కొన్ని ట్యూబులతో పాటు స్టార్టరు స్థానంలో పెట్టుకునే ఫ్యూజు డమ్మీ ఒకటి ఇస్తారు. అటువంటివి రాగి చోకును తీయకుండానే వెలుగుతాయి. అయినా పాతబడిన చోకును సర్క్యూట్లో వదిలేయడాన్ని నేను సమర్థించను. అది వేడెక్కుతూ, గుయ్‌మంటూ, ఎంతో కొంత కరెంటు తింటూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ చోకు అయితే, దానితో పనిచేస్తుందని ప్యాకెట్టు మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప, తీసేయవలసిందే.

చోకును తప్పించి వైరింగు మార్చేటప్పుడు ఒక విషయం గమనించాలి. కొన్ని ఎల్ఈడీ ట్యూబులకు ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రలు (తిరిగి వెళ్లే వైరు) రెండూ ఒకే కొసన ఇవ్వాలి; మరికొన్నింటికి ఫేజు ఒక కొసన, న్యూట్రలు రెండో కొసన ఇవ్వాలి. ఒకే కొసన రెండూ ఇచ్చిన ఫిట్టింగులో రేపెవరైనా తెలియక పాత రకం ట్యూబు బిగిస్తే దాని ఫిలమెంటు మీదకు పూర్తి 230 ఓల్టులూ వస్తాయి. కనుక ఈ ఫిట్టింగు ఎల్ఈడీకి మాత్రమేనని దాని మీద మార్కరుతో రాయించండి. ఫేజు ఒక కొసన, న్యూట్రలు రెండో కొసన తీసుకునే రకాన్ని స్విచ్ వేసి ఉండగా బిగించడం ప్రమాదకరం, ఎందుకంటే ఒక కొస హోల్డరులో ఉండగా బయట ఉన్న రెండో కొస పిన్నులు షాకు కొట్టవచ్చు.

మీ ఫిట్టింగులు తుప్పు పట్టాయని రాశారు కనుక వాటి మీద డబ్బు పెట్టడం దండగ. పాలీకార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) బాడీ ఉన్న 20 వాట్ల బ్యాటన్ కొనండి. పాత ఫిట్టింగుకు వచ్చిన రెండు వైర్లే దానికీ సరిపోతాయి, గోడను ముట్టుకోనక్కరలేదు. ప్యాకెట్టు మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తును, డ్రైవరు ఎన్ని కిలోఓల్టుల సర్జ్ (ఒక్కసారిగా పెరిగే ఓల్టేజీ) తట్టుకుంటుందో చూసి కొనండి; పిడుగులు, తుపాన్లు మామూలైన మన ఊళ్లో 4 కిలోఓల్టులు ఉన్నవి మేలు.

బిల్లు సంగతికి వస్తే, 36 వాట్ల ట్యూబు తన చోకుతో కలిపి దాదాపు 48 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 20 వాట్ల బ్యాటన్‌తో 28 వాట్లు మిగులుతాయి. రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు లైటుకు సుమారు 5 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల స్లాబులో ఉంటే 30 రూపాయలు. బిల్లు కోసమే అయితే ఇంత ఆలోచన అవసరం లేదు. మీ అసలు సమస్య లైటు రకం కాదు, లైటు ఉన్న చోటు. తలుపు పైన ఎంత మంచి ఎల్ఈడీ పెట్టినా అమ్మగారి నీడ గట్టు మీదే పడుతుంది.

ఫాల్స్ సీలింగు మాత్రం వద్దు. ఎత్తు తగ్గుతుంది, పోపుల జిడ్డు దానికి పట్టుకుంటుంది, నాలుగేళ్లకు మళ్లీ రంగు వేయించాలి.

లాసన్స్ బే గృహిణి

అసలు సమస్య లైటు ఉన్న చోటేనన్న పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మా ఇంట్లో గట్టు మీది అలమరల అడుగున అల్యూమినియం ప్రొఫైల్‌లో (సన్నటి గాడిపట్టీలో) ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టించిన తరువాత పైన ఉన్న బ్యాటన్ వేయవలసిన అవసరమే తగ్గిపోయింది. దీన్ని అలమర వెనుక అంచున కాకుండా ముందు అంచుకు దగ్గరగా బిగించాలి. వెనుకకు పెడితే వెలుగంతా టైల్స్ మీద పడి మెరుస్తుంది తప్ప తరిగే పలక మీదకు రాదు. మాలాగే మీదీ నున్నటి నల్ల గ్రానైట్ గట్టయితే ప్రొఫైల్‌కు పాలరంగు మూత తప్పనిసరి; అది లేకపోతే స్ట్రిప్‌లోని ఒక్కొక్క ఎల్ఈడీ చుక్క గ్రానైట్‌లో విడివిడిగా ప్రతిఫలించి కళ్లకు గుచ్చుకుంటుంది. 12 లేదా 24 ఓల్టుల డ్రైవరును పొయ్యి ఆవిరి తగలని మూల అలమరలో పెట్టించండి. సాధారణంగా ముందు పాడయ్యేది ఎల్ఈడీ కాదు, వేడికి ఎండిపోయే డ్రైవరులోని కెపాసిటరు.

రంగు విషయంలో దుకాణాలవారు అందరికీ 6500 కెల్విన్ నీలితెలుపు అంటగడతారు. వంటగదికి అంత నీలం లేని 4000 కెల్విన్ తెలుపు నాకు బాగా నచ్చింది. దానికన్నా ముఖ్యం సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, 100 దాకా ఉండే కొలత. అది కనీసం 80 ఉండాలి, 90 దొరికితే ఇంకా మంచిది. ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన వంజరం మొప్పలు ఎర్రగా ఉన్నాయో, గోధుమ రంగుకు తిరిగాయో చవక ఎల్ఈడీ కింద తేల్చుకోవడం కష్టం. పోపులో ఎండుమిర్చి మాడిందో లేదో కూడా అంతే.

ఎంవీపీ కాలనీ నివాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. మా గట్టు మీద అలమరలు లేవండీ. పొయ్యి పైన చిమ్నీ, దాని పైన గది పొడవునా రెండడుగుల వెడల్పున్న సిమెంటు అటక మాత్రమే ఉన్నాయి. అటువంటప్పుడు స్ట్రిప్ ఎక్కడ బిగించాలి? ఇంకొక సందేహం. హాల్లో పెట్టిన ఎల్ఈడీ బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలుగుతూనే ఉంటోంది. వంటగదిలోనూ అదే జరుగుతుందా?

గాజువాక వైరింగు పనివాడు

అటక ఉండటం మీ అదృష్టం. దాని అడుగు భాగాన, ముందు అంచుకు నాలుగైదు అంగుళాలు లోపలగా, చిమ్నీకి అటూ ఇటూ రెండడుగుల బ్యాటన్‌లు ఒక్కొక్కటి బిగించండి. వెలుగు మనిషికి ముందు నుంచి వస్తుంది కనుక నీడ వెనక్కి పోతుంది. ఫ్రిజ్ పైనున్న పాయింటు నుంచి పీవీసీ కేసింగులో వైరు లాగితే గోడ చెక్కే పనే ఉండదు. తలుపు పైన ఒక బ్యాటన్ గది మొత్తానికి ఉండనివ్వండి. చిమ్నీకి ఆనుకుని మాత్రం ఏదీ పెట్టవద్దు.

స్విచ్ ఆపినా వెలగడానికి పాత ఇళ్లలో నేను తరచుగా చూసే కారణం, స్విచ్ ఫేజుకు కాకుండా న్యూట్రలుకు పడి ఉండటం. ట్యూబ్‌లైటుకు ఆ కొద్దిపాటి కరెంటు చాలదు కనుక ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఎల్ఈడీకి అది చాలు. స్విచ్ ఆపి, హోల్డరు దగ్గర టెస్టరు పెట్టి చూడమనండి. టెస్టరులోని దీపం గట్టిగా వెలిగితే ఫేజు అక్కడిదాకా వస్తోందన్నమాట. అప్పుడు బల్బు మార్చేవారికి షాకు కొట్టే ప్రమాదం కూడా ఉంది, కనుక బోర్డులో ఆ రెండు వైర్లనూ సరిచేయించండి. ఇండికేటరు ఉన్న స్విచ్ అయినా ఇలాగే సన్నగా వెలుగుతుంది, అయితే దానివల్ల ప్రమాదం లేదు. వంటగది పని మొదలుపెట్టేటప్పుడే అన్ని స్విచ్‌లనూ ఒకసారి చూపించుకోండి.

సీతమ్మధార పాఠకుడు

తీసేసిన ట్యూబుల గురించి ఎవరూ రాయలేదు. ఒక్కొక్క దానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ఆ పాదరసం కారణంగానే 2027 నాటికి ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులను ఆపేయాలని పాదరసాన్ని అదుపు చేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందపు దేశాలు 2023లో నిర్ణయించాయి. కనుక వాటిని పగలగొట్టి చెత్త బండిలో వేయకండి. కొత్త బ్యాటన్ వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి, ప్రమాదకర గృహ వ్యర్థంగా విడిగా ఇవ్వండి, లేదా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి చేర్చండి. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి కాసేపు గది బయట ఉండండి. తరువాత చీపురు వాడకుండా గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, తడి గుడ్డతో నేల తుడిచి, ఆ గుడ్డను కూడా పెంకులతో పాటే కట్టేయండి.