ఆర్‌సీ సైనిక ట్రక్కు బంపరుపై రంగు నిలవడం లేదు

రష్యా సైనిక ట్రక్కు ఉరల్-4320కి 1/16 పరిమాణంలోని నమూనా అయిన రిమోట్ ట్రక్కుకు ఆకుపచ్చ, గోధుమ, నలుపు మచ్చల సైనిక రంగులు వేస్తున్నాను. క్యాబిన్, వెనుక సరుకు పెట్టె ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌వి కావడంతో వాటిపై రంగు చక్కగా పట్టింది. చిక్కంతా కాస్త మెత్తగా ఉండే ముందు బంపరు, మడ్‌గార్డులతోనే. రెండవ రంగు పడకూడని చోట అంటించిన మాస్కింగ్ టేపును తీసేటప్పుడు పూత ప్రైమరుతో (రంగుకు ముందు వేసే అడుగు పూతతో) సహా పొరలుగా ఊడివస్తోంది. టేపు తగలని చోట కూడా, భాగాన్ని కొద్దిగా వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయి.

ఆ భాగాలను గిన్నెల సబ్బుతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, 600 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, స్ప్రే ప్రైమరు కొట్టి 24 గంటలు ఆరబెట్టిన తరువాతే, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ గల ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరంతో) 20 పీఎస్‌ఐ గాలి పీడనం వద్ద ఆక్రిలిక్ రంగును పలుచని పూతలుగా వేశాను. ప్రైమరు మార్చినా, 48 గంటలు ఆరనిచ్చినా, టేపు జిగురును ముందే అరచేతికి అంటించి తగ్గించినా ఫలితం లేదు. బంపరు లోపలివైపు నుంచి చెక్కిన ముక్క నీటిలో తేలింది. ఏబీఎస్ అయితే మునిగేది కనుక, ఇది రంగు సులభంగా పట్టని పాలీప్రొపిలీన్ గానీ పాలీఇథిలీన్ గానీ అయి ఉండాలి. బంపరును నల్లగానే వదిలేయవచ్చు గానీ, ఈ వర్ణాల మధ్య అది బొమ్మలా కనిపిస్తుంది.

కార్ల బంపర్లకు వాడే ప్లాస్టిక్ ప్రైమరు ఇందుకు పనికివస్తుందని విన్నాను. అయితే బంపరులో బిగించి ఉన్న, విడదీయలేని ఏబీఎస్ దీపాల గూళ్లను అందులోని ద్రావకం మెత్తబరుస్తుందేమోనని వెనుకాడుతున్నాను. ఇలాంటి మెత్తని ప్లాస్టిక్‌పై ఆ ప్రైమరును వాడినవారెవరైనా, దాని మీది ఆక్రిలిక్ రంగు టేపును, వంపులను తట్టుకుని నిలిచిందో లేదో, పక్కనున్న ఏబీఎస్‌కు హాని జరిగిందో లేదో చెప్పగలరా?