పిల్లలతో చెరువు గట్టున గాలం వేయాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి నర్సంపేట దగ్గరున్న మా అత్తగారి ఊరికి వెళ్తున్నాం. తొమ్మిదేళ్ల మా అబ్బాయికీ, ఆరేళ్ల అమ్మాయికీ గాలంతో చేపలు పట్టడం చూపించాలని ఉంది. చిన్నప్పుడు తాతయ్య పక్కన కాలువ గట్టున కూర్చోవడం తప్ప నాకు ఈ పని తెలియదు. ఆన్‌లైన్‌లో దొరికే రాడ్, రీలు సెట్టు కొనమంటారా? పాకాల చెరువుకు తీసుకెళ్లడం మంచిదా, ఊరి చెరువే మేలా?

జవాబు 1:
రీలు మాత్రం కొనకండి. ఆరేళ్ల పిల్ల చేతికి అది ఇస్తే ఆ పూటంతా మీరు దారం చిక్కులు విప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది. సన్నని వెదురు కర్ర, దాని కొసకు కర్రంత పొడవే ఉన్న నైలాన్ దారం, ఎండిన జీలుగు బెండు ముక్క, చిన్న సీసం గుండు, దుకాణంలో దొరికే వాటిలో అతి చిన్న గాలం చాలు. గాలం కొనకు లోపలివైపు ఉండే ముల్లును పటకారుతో అదిమేయండి. అలా చేస్తే కొన్ని చేపలు జారిపోతాయి గానీ, పొరపాటున వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా బయటికి వస్తుంది.

పెంటకుప్ప పక్కన తడిమట్టి తవ్వితే వానపాములు దొరుకుతాయి. వాటిని ముట్టుకోవడానికి జంకే పిల్లలకు గోధుమపిండి ముద్ద ఇచ్చి, శనగగింజ కన్నా చిన్న ఉండలు చేయించండి. పరక అనే చిన్న చేప కొరికినప్పుడు బెండు ఒక్కసారిగా మునగదు. రెండు మూడు సార్లు వణికి, ఆ తర్వాత మెల్లగా పక్కకు జరుగుతుంది. అప్పుడు మణికట్టుతో కొద్దిగా ఎత్తితే సరిపోతుంది. మా వాడు మొదటిసారి రెండు చేతులతో లాగి, చేపను వెనకనున్న తుమ్మచెట్టుకు తగిలించాడు, కాబట్టి వెనక ఎవరూ నిలబడకుండా చూసుకోండి.

జవాబు 2:
పాకాల చెరువు వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి ఆ చెరువును పిల్లలకు తప్పక చూపించండి, గాలం మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి. ఊరి చెరువులోనైనా చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిదే. రవ్వ, బొచ్చె చేపపిల్లలను వదిలి పెంచుకునేది వాళ్లే. ముందురోజే సంఘం పెద్దను కలిసి, పిల్లల సరదాకు నాలుగు పరకలు పట్టుకుంటామని అడగండి. ఎటువైపు లోతుందో కూడా ఆయన్నే అడగడం మంచిది, ఎందుకంటే 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల పునరుద్ధరణ పథకంలో చాలా చెరువుల్లో పూడిక తీశారు, ఆ గుంతలు నీళ్లు నిండాక పైకి కనిపించవు. మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతుంటే ఆ దరిదాపులకు వెళ్లవద్దు.

ఆనకట్టల దిగువన నది ఒడ్డుకైతే పిల్లలతో అసలు వద్దంటాను. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయింది, ఎగువన లార్జి జలాశయం నుంచి వదిలిన నీటిలోనే.

జవాబు 3:
గాలానికి జెల్ల గానీ ఇంగిలాయి గానీ పడితే పిల్లలను ముట్టుకోనివ్వకండి. వాటి రెక్కల ముళ్లు గుచ్చుకుంటాయి, ఇంగిలాయి ముల్లులో విషం కూడా ఉంటుంది. గుచ్చుకుంటే, ముందు మీ చేతితో వేడి చూసి, చర్మం కాలనంత వేడినీళ్లలో అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకొక మాట: నీటి పైన ఎర్రటి చిన్న చేపపిల్లలు గుంపుగా తిరుగుతుంటే కింద కొర్రమీను కాపలా ఉన్నట్టే. అక్కడ గాలం వేయకండి, ఆ కాపలా చేప పోతే ఆ గుంపంతా మిగతా చేపల పాలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మామగారితో ఫోన్లో మాట్లాడాను. చాకిరేవు బండల దగ్గర మోకాలి లోతే ఉంటుందనీ, సంఘం పెద్ద తనకు తెలిసినవారేననీ చెప్పారు. వెదురు కర్రలు ఆయనే కోసి పెడతారట; పటకారు మాత్రం నేను తీసుకెళ్తున్నాను.